దేవి కాళ్ల కింది పేరు

ఓంకార్ కత్తి పట్టాడంటే కోత వెంట్రుకవాసి పక్కకు పోదు. జగిత్యాలలో మేనమామ పటాల దుకాణంలో పదేళ్లు పని నేర్చిన చెయ్యి అది. ఆ చెయ్యే 1991లో, మస్కట్ పక్కన వాడి కబీర్ అనే పేటలో, అతని కొంప ముంచబోయింది.

అక్కడి ఫ్రేముల వర్క్‌షాప్‌లో చేరి అప్పటికి ఐదు నెలలు. పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉంది; అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు. ఆయనకు కోపమొస్తే మనిషిని విమానం ఎక్కించడానికి ఒక్క పూట చాలు. చెల్లెలి నర్సింగ్ చదువు ఓంకార్ పంపే డ్రాఫ్టు మీదే నడుస్తోంది.

ఆ వారం మార్తా మేడం ఏడు బొమ్మలు తెచ్చింది. యూరప్ నుంచి వచ్చిన ఈమె మస్కట్‌లోని రువీలో ఓ హాలు తీసుకుని మంగళవారం సాయంత్రాలు క్లాసు నడిపేది. బొమ్మలు చూపించి, కథలు చదివించి, సినిమాలు వేసి, యూరప్ వాళ్లు తమను తాము ఏమనుకుంటారో నర్సులకూ బ్యాంకు గుమాస్తాలకూ చెప్పే క్లాసు. నలభై డిగ్రీల ఎండలో పడి వచ్చి ఇదంతా వినడానికి మనుషులున్నారంటే వర్క్‌షాప్ మేస్త్రీ ఖమరుద్దీన్ నమ్మేవాడు కాదు.

ఏడింటిలో ఒకటి రాగిరేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మ. వానలో తడుస్తూ నడిచే ముసలామె. కింద తెల్లటి అంచు మీద పెన్సిలుతో ఏవో గీతలున్నాయి. ఓంకార్ స్కేలు పెట్టాడు, ఒక్క లాగు లాగాడు. అంచు ఊడి నేల మీద పడింది.

ఖమరుద్దీన్ ఆ ముక్క తీసి వెలుగులో చూశాడు. ఆయన ముఖం మాడిపోయింది.

"ఎంత పని చేస్తివబ్బీ! బొమ్మ గీసినాయన సంతకం ఇది. ఇది లేకుంటే దీన్నెవరు బొమ్మంటారు?"

"అయ్యో! మరెట్ల చాచా?"

"ఎట్లా లేదు. పైన అట్ట మూసి ఫ్రేము బిగించు. ఆయమ్మ ఊరికి పోయి విప్పినప్పుడు గదా తెలిసేది. నోరు తెరిచినావంటే నీ వీసా పాయె, నాది గూడా పాయె."

ఓంకార్ ఫ్రేము బిగించాడు గానీ ముక్కను మాత్రం కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజులు అన్నం సయించలేదు.

మంగళవారం బొమ్మలు తగిలించడానికి హాలుకు అతన్నే పంపారు. ఆరు తగిలించేసరికి క్లాసు మొదలైంది. మేడం కూర్చోమని సైగ చేసింది. ఏడోది, ఆ ముసలామె బొమ్మ, ఒళ్లో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. పక్కన సంధ్య, బ్యాంకులో పనిచేసే కాకినాడ ఆవిడ. తెలుగువాడని పోల్చుకుని మేడం మాటలు మెల్లగా చెప్పసాగింది.

"పాత చర్చిల్లో బొమ్మలు వేసినవాళ్లు చాలామంది పేర్లు తెలీవంటండి. తర్వాత్తర్వాత ఒక్కొక్కరూ కింద పేరు రాసుకోడం మొదలెట్టారంట. కథల్లో 'నేను, నేను' అనడం, పోయిన వారం సినిమాలో ఊరొదిలేసినవాడు తన పేరొక్కటే మోసుకెళ్లడం, అన్నీ అందులోంచే వచ్చాయంటున్నారు."

ఓంకార్ చెయ్యి జేబు మీదికి పోయింది. ఇంత లోకంలో ఈ ముచ్చట ఇవాళే దొరికిందా ఈమెకు?

"ఇప్పుడు ఏడో బొమ్మ చూడమంటున్నారు. వాళ్ల గురువుగారు పోయేముందు ఆవిడకిచ్చారంట. కింద ఆయన పేరు చూడమంటున్నారు."

ఇరవై తలలు వెనక్కి తిరిగాయి. పేరు అట్ట కింద ఉందని చెప్పి బయటపడవచ్చు. ఓంకార్ లేచి ముందుకు నడిచి ఫ్రేము బల్ల మీద పెట్టాడు. జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు.

మేడం ముక్కనూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. ఎందుకు కోశావని అడిగింది.

"మా దిక్కు లక్ష్మీదేవి పటం కింద ప్రెస్సు పేరు అచ్చేస్తరక్కా," అన్నాడు సంధ్యను చూస్తూ. "దేవి కాళ్ల కింద మనిషి పేరుండొద్దని కోసేస్తం. మా మామ గట్లనే నేర్పిండు. అంచు మీద రాత కనవడితె చెయ్యి దానంతటదే పోయింది. తప్పయింది."

సంధ్య ఇంగ్లీషులో చెప్పింది. మేడం క్షమించానని అనలేదు. కాగితం, పెన్సిలు జరిపి పేరు రాయమంది. ఫిర్యాదుకేననుకున్నాడు ఓంకార్. చేతనైన తెలుగులో రాసిచ్చి వచ్చేశాడు.

శనివారం అర్బాబ్ బొమ్మనూ ఒక ఉత్తరాన్నీ పట్టుకుని షాపులోకి వచ్చాడు. ఖమరుద్దీన్ చేతిలో సుత్తి ఆగిపోయింది. ఉత్తరంలో ఉన్నది అర్బాబ్ హిందీలో చెప్పాడు. ఫ్రేము మళ్లీ కట్టాలి, ఓంకారే కట్టాలి, వెనక అతని పేరుండాలి. తప్పు సంగతి అందులో ఎక్కడా లేదు. అడుగున సంధ్య తెలుగులో రాసింది: "ముక్క ఫ్రేము వెనక ఉంది, దాన్ని బొమ్మ కిందే పెట్టండి. కోత కనిపించాలంట."

ఓంకార్ కళ్ల నీళ్లతోనే పని ముగించాడు. వెనక పేరు రాస్తుంటే ఖమరుద్దీన్ వంగి చూశాడు.

"ఇరవై ఏండ్లాయబ్బీ నేనొచ్చి. ఒక్క ఫ్రేము మీద గూడా నా పేరు రాసుకోలేదు."

మేడం వచ్చి బొమ్మ తీసుకుపోయింది. ఆ షాపుకు మళ్లీ ఎప్పుడూ బొమ్మ తేలేదు.

ఓంకార్ 1997లో తిరిగివచ్చి జగిత్యాలలో సొంత దుకాణం పెట్టాడు. లక్ష్మీదేవి కాళ్ల కింది పేరు ఇప్పటికీ కోస్తాడు. కోసిన ముక్కను మాత్రం పారెయ్యడు. పటం వెనక అతికించి, దాని కింద పెన్సిలుతో తన పేరు కూడా రాస్తాడు.