సువార్తమ్మ నిలబడిన చోటు

కెమెరా పట్టిన ఈ కుడిచేతి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసిన మా కావలి ఊరివాళ్లు ఇది చదివి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ ఉదయం మా మేడ మీద గంజిపెట్టి ఆరేసిన తెల్లచీర గాలికి ఎగిరి నా మొహానికి తగిలింది. ఎండకు వేడెక్కిన గంజి వాసన. అంతే, ఇరవై ఏళ్లు వెనక్కి పోయి, బోగోలు దాటాక వచ్చే సముద్రపు ఒడ్డున కాలే ఇసకలో నిలబడ్డాను. ఎదురుగా సువార్తమ్మక్క.

ఆమె కావలిలో జాకెట్లు కుట్టేది. అంతకుముందు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించేదట. ఆ పని మానినా తెల్లచీర మానలేదు. తాను కట్టేది తెల్లచీరే గాని, కుట్టేవి మాత్రం మద్రాసు వాళ్లు కూడా ఆగి చూసే రకం: మోచేతి దాకా చేతులు, మెడ చుట్టూ లేసు, వీపున వరసగా బొత్తాలు. ఆరుగురు ఆడపిల్లలు ఆమె దగ్గర కుట్టు నేర్చుకునేవాళ్లు. గుడ్డపీలికలతో ఎన్నాళ్లు ఆడతారు, ఇక చాలించండి అని వాళ్ల ఇళ్లలో అప్పటికే గొణుగుడు మొదలైంది. పిల్లల పేర్లు ఒక్కసారి అచ్చులో కనబడితే ఇంకో ఏడాది పంపకపోరని అక్క ఆశ. మద్రాసు వారపత్రిక ఒకటి, ఫోటోలు బాగుంటే ఆడవాళ్ల పేజీలో వేస్తామంది. ఆ ఫోటోలు తీసే పని అక్క నాకు అప్పగించింది. నాకప్పుడు ముప్పై ఏళ్లు, సొంత స్టూడియో, నాకు తెలియనిది లేదనే నమ్మకం.

మొదటిసారి మిట్టమధ్యాహ్నం దాటాక పోయాం. సూర్యుడు ఫోటో తీసేవాడి వీపు వెనక ఉండాలని ఫిల్ము డబ్బాలోని కాగితం చెబుతుంది. నేను దాన్ని అక్షరాలా పాటించాను. ఆ ఎండకు పీతలు ఒక్కొక్క కాలే పైకెత్తి ఊదుకుంటూ నడవడం నేను కళ్లారా చూశాను. కొత్త జాకెట్టు తొడుక్కుని, మొహాన డబ్బాడు పౌడరు అద్దుకుని నిలబడింది సరోజ. కొడవలూరు వైపు వరి రైతుల పిల్ల, ఆరుగురిలో నోరున్నది. కళ్లు తెరవమని నేను పదోసారి అడిగేసరికి దానికి విసుగొచ్చింది.

“సూర్యుణ్ణి చూడమంటావు, కళ్లు తెరవమంటావు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పన్నా.”

వారం తిరక్కుండా ఫోటోలు వెనక్కి వచ్చాయి. జాకెట్లు బాగున్నాయి, అమ్మాయికి కళ్లేవీ అని పత్రిక వాళ్లు ఒక చీటీ జతచేశారు. నిజమే. కళ్లుండాల్సిన చోట రెండు నల్లగుంటలు, మొహం సున్నం కొట్టిన గోడ. అక్క ఆ చీటీ చదివి మడిచి సూదుల డబ్బాలో పెట్టుకుంది. ఫిల్ము దొరకడమే గగనమైన రోజులు. ఎవరెవరినో బతిమాలి మద్రాసు నుంచి ఇంకొక్క రీలు తెప్పించాను. పన్నెండు ఫోటోలు. అవీ పాడైతే ఆ పేజీ ఇంకెవరికో పోతుంది, ఆ పిల్లలు ఇళ్లకు పోతారు.

రెండోసారి అక్క ముందుగా సరోజ మొహం మీది పౌడరు తడిగుడ్డతో తుడిచేసింది. తర్వాత భుజాలు పట్టుకుని, ఎండ వీపు మీద పడేట్టు తిప్పి నిలబెట్టింది. నేను కాగితం సంగతి గుర్తుచేశాను.

“ఆ కాయితం రాసినోళ్లు మన ఎండ చూసినారా అబ్బయా?” అంది. “సూదిలో దారం ఎక్కించేటప్పుడు మేము ఎండకు వీపు పెడతాం. అప్పుడే కన్ను తెరుచుకునేది.”

సరోజ కళ్లు తెరుచుకున్నాయి. జుట్టు చుట్టూ సన్నని వెలుగంచు కూడా వచ్చింది. కానీ కెమెరా పైన బొమ్మ కనబడే అద్దంలోకి చూస్తే మొహం మాత్రం మసకచీకటి. లేసు సర్దడానికి అక్క వెళ్లి సరోజకు ఎదురుగా నిలబడింది. అద్దంలో ఆ మొహం దీపం పెట్టినట్టు తేలింది. అక్క పక్కకు రాగానే ఆరిపోయింది. తెల్లచీర మీద పడిన ఎండే పిల్ల మొహం మీదికి మళ్లుతోందని నాకు చటుక్కున తట్టింది. “అక్కా, నువ్వక్కడే ఉండు” అన్నాను. ఫోటోలో పడకుండా ఓ పక్కగా, చెంగు రెండు చేతులా చాచి పట్టుకుని, పన్నెండు ఫోటోలూ అయ్యేదాకా ఆమె అలాగే నిలబడింది. పిల్ల వీపున పడ్డ ఎండంతా ఆమె మొహాన పడుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా చెయ్యి దించలేదు.

పత్రికలో రెండు ఫోటోలు వేశారు, కింద ఆరుగురి పేర్లూ వేశారు. తీసినవాడి పేరు వెయ్యలేదు. ఆ పత్రికను నేనింకా క్షమించలేదు. కొడవలూరు నుంచి సరోజ నాయన స్వయంగా వచ్చి, మా పిల్లను నీ దగ్గరే ఉంచుకోమ్మా అని అక్కతో చెప్పిపోయాడు. ఆ ఏడాది ఒక్క పిల్లా మానలేదు.

తర్వాత పెళ్లికూతుళ్లను, పసిపిల్లలను, ఎన్నికల్లో నిలబడ్డవాళ్లను అందరినీ అలాగే ఎండకు వీపు పెట్టించి తీశాను. నా సంచీలో ఎప్పుడూ ఒక తెల్లచీర ఉంటుంది. అక్క పోయి ఐదేళ్లయింది. ఆమె ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం ఆనాటి ఫోటోలో సరోజ కళ్లలో చెరొక తెల్లచుక్క కనబడుతుంది. అది ఆమే.

ఇక ఒట్టు సంగతి. ఒక్కటే కల్పించాను. వెలుగు సంగతి చటుక్కున తట్టింది నాకు కాదు. ఇరవై ఏళ్లుగా నాకే తట్టిందని ఊరంతా చెప్పుకున్నాను. అక్క ఎదురుగా కూడా చెప్పాను. ఆమె గుడ్డ కత్తిరించుకుంటూ వినేదే గాని కాదనేది కాదు. ఆ రోజు నిజానికి నేను చేసింది, వెలుతురుకు అడ్డమొస్తున్నావు, తప్పుకోమని మూడుసార్లు కసురుకోవడం. మూడోసారి ఆమె కదలకుండా, నా వైపు తిరగకుండా, నెమ్మదిగా అంది:

“నన్ను జరగమనే ముందు నీ అద్దంలోకి ఒకసారి చూడు నాయనా.”