పప్పుల అరల దగ్గర పిలుపు

మా ఆయన పరవాడలో ఒక మందుల కంపెనీ లాబ్‌లో పనిచేసేవారు. ఆ అనుభవంతో ఐర్లాండ్‌లో ఉద్యోగం దొరికితే, అనకాపల్లి నుంచి ఇద్దరం అక్కడి సముద్రం ఒడ్డు ఊరొకదానికి వెళ్ళాం. మన సరుకులు దొరికే కొట్టు ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది. జాఫ్నా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన నడిపేవాడు. శనివారం వస్తే బస్సెక్కి అక్కడికి వెళ్ళేదాన్ని.

ఆ అమ్మాయిని చూడకముందే ఆమె గొంతు విన్నాను. పప్పుల అరలకు అవతల ఎవరో ఫోన్‌లో, "ఏటి సెయ్యమంతావు, గోంగూర లేదు, పాలకూరే వండుకుంతాను" అంటోంది. కందిపప్పు పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గాని, వీధిలోనూ బడిలోనూ నేను పెరిగింది ఆ యాసలోనే. అవతలికి వెళ్ళి ఏ ఊరని అడిగాను. మునగపాక అంది. అంత దూరం వచ్చి, పక్కూరి మనిషి దొరికినందుకు ఇద్దరం నవ్వుకున్నాం.

తను నాకంటే చిన్నది. అక్కడ ముసలివాళ్ళ ఆశ్రమంలో పని. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అక్క పెంచిందట. ఆ అక్కని పిలిచినట్టే నన్నూ "అప్పా" అనేది. మా ఇళ్ళల్లో పెద్దక్కను "ఆపా" అంటాం. ఆ పిలుపుకి అలవాటు పడటానికి నాకు ఒక్క రోజు కూడా పట్టలేదు. మా నాన్న బెల్లం వండే పెనాలకు చిల్లులు పడితే మాట్లు వేసేవాడని చెబితే, మా గానుగ దగ్గరి పెనానికి మాటు వేసింది కూడా ఆయనేనేమో అని తెగ సంబరపడింది.

అప్పటినుంచీ కలిసే బజారు. తను చోడిపిండి కోసం, అదే రాగిపిండి కోసం, ఎండు నెత్తళ్ళ చేపల కోసం వెతికేది. బెల్లం అచ్చును కవరు మీంచే వాసన చూసి పెదవి విరిచేది. "ఇది బెల్లం కాదప్పా, బెల్లం ఫొటో" అనేది. అయినా కొనేది. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులోనే ఒక ముక్క విరిచి నాకూ పెట్టేది.

రెండో చలికాలంలో పనిచేసేచోటే కుప్పకూలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. అక్కడున్న తెలుగువాళ్ళంతా పూనుకుని ఆమెను ఊరికి పంపించారు. పెట్టెను బండిలోకి ఎక్కిస్తుంటే నేను పక్కన నిలబడి ఫాతిహా చదివాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.

కొన్ని వారాలు ఆ కొట్టు వైపు పోలేదు. తర్వాత ఒక శనివారం బియ్యం అయిపోయి తప్పక వెళ్ళాను. పప్పుల అరల దగ్గరికి వచ్చేసరికి, "అప్పా, సోడిపిండి వచ్చింది" అని వినిపించింది. స్పష్టంగా, రెండడుగుల దూరంలోంచి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కింది అరలో మాత్రం చోడిపిండి పొట్లాలు వరసగా ఉన్నాయి. పెద్దాయన నా మొహం చూసి స్టూలు తెచ్చి వేశాడు. నీ చెల్లెలు రాలేదేమని అడిగాడు. అప్పటిదాకా ఆయనకు తెలియదు.

మా ఆయనకు చెబితే, మనసు అలిసిపోయింది, సరుకులు ఇంటికే తెప్పించుకుందాం అన్నారు. కొన్నాళ్ళు అలాగే చేశాం. అట్టపెట్టెలు గుమ్మంలోకి వచ్చి పడేవి. వాటిని విప్పుతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది. మళ్ళీ కొట్టుకే వెళ్ళసాగాను. ఆ పిలుపు ప్రతిసారీ వినిపించేది కాదు. వినిపించిన రోజు ఒళ్ళు జలదరించేది. వినిపించని రోజు ఏదో పారేసుకున్నట్టు అరల చుట్టూ తిరిగేదాన్ని.

తరవాతి ఏడు మా తమ్ముడి పెళ్ళికి అనకాపల్లి వచ్చాను. పెళ్ళి హడావిడి తగ్గాక ఆటో మాట్లాడుకుని మునగపాక వెళ్ళాను. వాళ్ళ అక్క గానుగ దగ్గర ఉందన్నారు. చెరకు పిప్పి గుట్టలు దాటుకుంటూ పోతుంటే వెనకనుంచి పిలుపు వచ్చింది. "ఎవులమ్మా, ఎవులు కావాల?"

అదే గొంతు. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. చివరికి ఆమే ముందుకు వచ్చింది. మొహంలో పోలిక లేదు. చెల్లెలికంటే నల్లన, పొడుగు. గొంతు ఒక్కటే ఇద్దరికీ పంచి ఇచ్చినట్టుంది.

నేనెవరో చెప్పగానే చెయ్యి పట్టుకుని పొయ్యికి ఎడంగా మంచం మీద కూర్చోబెట్టింది. చెల్లెలు అక్కడ ఏం వండుకునేది, ఏం తినేది అని ఒక్కొక్కటే అడిగింది. గోంగూర బదులు పాలకూర, నెత్తళ్ళు దొరకనప్పుడు గుడ్లు అని చెప్పాను. అన్నీ దొరుకుతున్నాయని ఫోన్‌లో చెప్పేదట. ఆమె లేచి వెళ్ళి, ఉడుకుతున్న పానకం మీద తెట్టు తీసి వచ్చి, మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది. దాచడం మంచిది కాదనిపించి, కొట్టులో నాకు వినిపించే పిలుపు సంగతి కూడా చెప్పేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా చెయ్యి వదిలేసింది.

"నాకొక్కసారి కూడా ఇనిపించలేదమ్మా," అంది. "నిప్పెట్టిన కాడికెల్లి కూకున్నాను. రాత్రులు దాని పక్క మీదే పడుకున్నాను. దాని పేనం అక్కడే ఉండిపోనాదేటి?"

బయల్దేరేటప్పుడు ఆటో దాకా వచ్చింది. కమ్మీ పట్టుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లిగా అంది: "ఈసారి పిలిత్తే, అప్ప ఇంటికి రమ్మందని సెప్పు."

ఐర్లాండ్‌కు తిరిగి వచ్చిన వారమే కొట్టుకు వెళ్ళాను. పప్పుల అరల మధ్య నేను తప్ప ఎవరూ లేరు. పిలుపు కోసం కాసేపు చూశాను. ఏమీ వినిపించలేదు. అయినా ఆ ఖాళీ వరసలో నిలబడి తెలుగులో పైకే అన్నాను, "మీ అప్ప ఇంటికి రమ్మంటోంది, వెళ్ళు" అని. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ పిలుపు వినిపించలేదు. తను వెళ్ళిందో, నేనే పంపేశానో, అసలు ఏమీ లేదో తెలియదు. వాళ్ళ అక్క అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. చెరకు తూకం గురించి, వానల గురించి చెబుతుంది. ఆ గొంతు వింటూ కళ్ళు మూసుకుంటాను. నీకు వినిపించిందా అని అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. లేదంటుందేమోనని భయం. ఆ మాట ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను.