ఎర్త్ గుంటలో నీళ్ళు

మొన్న మా మనవరాలు రెండు రోజులపాటు అన్నం సరిగా తినకుండా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటే, ఏం ముంచుకొచ్చిందోనని నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే ఏర్పాటు ఒకటుందట, దాన్ని వర్చువల్ మెషిన్ అంటారట. అందులో ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్రాణంలాంటి కెర్నల్ లేవబోయి ప్రతిసారీ ఒకే చోట కుప్పకూలిపోతోంది. దాని ఆఫీసువాళ్ళలో మెమరీ పెంచమని ఒకరు, అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించమని ఒకరు, కొత్తగా చేరినావిడ ఏదో కెలికి ఉంటుందని ఇంకొకరు ఫోన్లో చెబుతుంటే, వింటున్న నాకు వెగటు పుట్టింది. కూలిపోయే ముందు అది ఆఖరుగా ఏం చెప్పిందో చదివినవాడు ఒక్కడూ లేడు. చివరికి మా పిల్లే ఓపిగ్గా కూర్చుని ఆ వరుసలు చదివింది. తన డిస్క్ తనకు కనబడటం లేదని చెప్పి మరీ చస్తోందట పాపం. కెర్నల్ తేలిగ్గా ఉండాలని అక్కర్లేనివన్నీ ఏరిపారేస్తూ, ఆ డిస్క్‌ను చూపించే చిన్న డ్రైవర్‌ను కూడా దండగ అని వీళ్ళే తీసేశారు. మేమే తీసేసి మేమే వెతుక్కుంటున్నాం తాతయ్యా అని అది నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్ళ కిందటి ఒక గుంట కళ్ళ ముందు కనబడింది.

నా ఈడువాళ్ళకు పంచాయతీ రేడియో గుర్తుండే ఉంటుంది. తాళం వేసిన చెక్కపెట్టెలో సెట్టు, అరుగు మీద లౌడ్‌స్పీకరు, కప్పు పైన రెండు గడల మధ్య ఏరియల్ తీగ, గోడ పక్కన ఎర్త్ గుంట. ఆ గుంటలో బొగ్గూ ఉప్పూ వేసి ఒక రాగిరేకు పూడ్చేవాళ్ళం, దాన్నుంచి తీగ సెట్టులోకి వెళ్ళేది. గుంట ఎప్పుడూ తడిగా ఉండాలి, ఎండిందంటే మాట గరగరలో మునిగిపోతుంది. అరవైల్లో నేను నరసరావుపేటలో ఆ రేడియోలు బాగుచేసే మెకానిక్‌ని, బస్సుల పైన బ్యాటరీలు వేసుకుని మాచర్ల, గురజాల వైపు ఊళ్ళన్నీ తిరిగేవాణ్ణి. మా నాన్న మిషన్ బడిలో పంతులు. ఈ ముక్క ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఊళ్ళల్లో నేను ఎక్కడా చెప్పేవాణ్ణి కాదు.

అరవై అయిదులో, సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, గురజాల అవతల ఒక ఊరి నుంచి ఒకటే ఫిర్యాదులు. మొదట బ్యాటరీ అయిపోయి రేడియో ఆగింది. ఏ బ్యాటరీ అయినా ఎప్పుడో ఒకప్పుడు అయిపోవలసిందే. కానీ వాగు అవతలి పల్లెవాళ్ళు, అంటే ఊరికి దూరంగా ఉంచిన మా క్రైస్తవులే, పెట్టెను ముట్టుకోబట్టి అది పాడైందని పెద్దలు తేల్చేసి, వాళ్ళెవరూ పంచాయతీ ఆఫీసు ఛాయలకు రాకూడదన్నారు. మా సూపర్వైజరు వెళ్ళి కొత్త బ్యాటరీ పెట్టాడు. వారం రోజులు పలికి మళ్ళీ గరగర. గుడ్డెద్దు చేలో పడ్డట్టు వాల్వులు మార్చాడు, ఏరియల్ మార్చాడు, ఆఖరికి సెట్టే మార్చి, ఎవరో చెయ్యి పెడుతున్నారని రాసి పారేశాడు. పల్లెవాళ్ళ మీద మోపిన నేరానికి సర్కారు ముద్ర కూడా పడింది.

ఆ తర్వాత నన్ను పంపారు. ప్రెసిడెంటు గారి వసారాలో విస్తరి వేసి గోంగూరతో, గడ్డపెరుగుతో భోజనం పెట్టారు. ఆయన ఎదురుగా కూర్చుని, "ఏమబ్బాయ్, మనోళ్ళేనా?" అని అడిగితే, నేను నవ్వి, పెరుగు చాలా బాగుందండీ అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే రోత.

పెట్టె తెరిస్తే అన్నీ శుభ్రంగా ఉన్నాయి. రోజూ పెట్టె తెరిచి రేడియో పెట్టే తలారిని కూర్చోబెట్టి, అసలు ఎలా పాడైందని అడిగాను. ఒక్కసారిగా ఆగలేదు, కొత్త బ్యాటరీ పెట్టిన నాడు బాగా పలికి, రోజురోజుకూ గొంతు పూడుకుపోయిందన్నాడు. విరిగిన వస్తువు అలా చావదు. తీగ వెంబడే గుంట దగ్గరికి వెళ్ళి స్క్రూడ్రైవరుతో గీరితే దుమ్ము లేచింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దీంట్లో నీళ్ళెవరు పోస్తారని అడిగితే అతను నెత్తి గోక్కున్నాడు. "ఇక్కడ ఊడ్చే పల్లె ఆమె పోసేదండి. ఇప్పుడు రానియ్యట్లా గదా."

నాకు ఒళ్ళు మండింది. ఇంతమంది పెద్దమనుషులు కలిసి, రేడియోను బతికిస్తున్న మనిషిని వెళ్ళగొట్టి, రేడియో ఎందుకు చస్తోందని నెలరోజులుగా విచారిస్తున్నారు. 

వాగు దాటి పల్లెకు వెళ్ళాను. ఆమెకు మా అమ్మ వయసుంటుంది, కంపతో దడి కట్టుకుంటోంది. లోపల గూట్లో, మా అమ్మ దిండు కింద ఉండే కీర్తనల పుస్తకం లాంటిదే ఇంకొకటి కనబడింది.

"పెట్టె బిగించిన అయ్య రోజూ కడివెడు నీళ్ళు పొయ్యమన్నాడు నాయనా. ఎందుకని నేనడగలా. దానిగ్గూడా దప్పికయిద్దేమో అనుకున్నా." చేతిలో కంప పక్కన పెట్టి, "నన్ను రావొద్దన్నాక ఎవురు పోస్తన్నారు?" అని అడిగింది. ఎవరూ పొయ్యటం లేదన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "మావోడు మిలిట్రీలో ఉండాడయ్యా. ఉత్తరం ముక్క రాలా. పొద్దుగూకి వచ్చే వార్తలే నాకు ఆసరా. మీరు ఆఫీసరు గదా, నన్ను రానియ్యమని ఒక మాట చెప్పండి." మంచినీళ్ళు తాగుతారా అని అడగబోయి మధ్యలో ఆగిపోయింది. నేనెవరో తెలియక ఆగింది. తెలిసిన నేను కూడా ఆగనిచ్చాను.

తిరిగొచ్చి తలారితో నాలుగు కడవలు పోయించేసరికి రేడియో ఖంగుమంది. ప్రెసిడెంటు గారు వీపు తట్టారు. అరుగు మీద కూర్చుని రిపోర్టు తీశాను. గుంటకు నీళ్ళు పోసే ఆమెను మళ్ళీ పెట్టుకోవాలి, లేకపోతే సెట్టు వాపసు తీసుకుపోతాం అని ఒక్క వరుస రాస్తే చాలు, సర్కారు కాగితమంటే ఆ రోజుల్లో అంత భయం. ఆయన నా వెనకే నిలబడి చూస్తున్నారు. ఆమె మీద నీకెందుకబ్బాయ్ అంత పట్టింపు అంటే ఏం చెప్పను? ఎర్త్ ఎండినది, సరిచేయబడినది అని రాసి సంతకం పెట్టాను. నీళ్ళు పోసే పని తలారికి అప్పజెప్పారు.

మళ్ళీ బ్యాటరీ మార్చడానికి వెళ్ళినప్పుడు తలారే చెప్పాడు. ఆమె రోజూ సాయంత్రం వాగు ఇవతలి గట్టుదాకా వచ్చి, చెవి ఒగ్గి నిలబడి, ఏమీ వినపడక తిరిగి వెళ్ళేదట. యుద్ధం ఆగిన సంగతి ఊరంతటికీ తెలిసిన మూడు రోజులకు గాని ఆమెకు తెలియలేదట. కొడుకు ప్రాణాలతోనే వచ్చాడు. అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

ఆ రేడియోలూ పోయాయి, ఆ గుంటలూ పూడిపోయాయి. ఇప్పుడు వార్త వినడానికి ఎవరి అరుగూ ఎక్కనక్కర్లేదు, అందరి జేబుల్లోనూ అదే కూస్తోంది. మనోళ్ళేనా అన్న ప్రశ్న మాత్రం పోలేదు, అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు మా మనవరాలికీ ఎదురైంది; అది మాత్రం నాలా నవ్వి తప్పించుకోలేదు, మా సంగతి చెప్పి, ఆ ఇల్లు కాకపోతే ఇంకోటి చూసుకుంది.

డ్రైవర్ తిరిగి పెట్టాక కెర్నల్ ఈసారి నిలబడింది. అయినా ఆ పిల్ల లేవకుండా, ఆ డ్రైవర్ పైన ఇంకో వరుస రాసింది. ఇది లేకపోతే లోపలి మెషిన్ లేవదు, దీన్ని తీయవద్దు అని, కింద తన పేరు. బాగైపోయింది కదా, ఇదెందుకమ్మా అంటే, తర్వాత వచ్చేవాళ్ళకు తెలియాలి కదా తాతయ్యా అంది. ఆ వరుస రాయడానికి దానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ రోజు అరుగు మీద కలం పట్టుకుని నేను అంతకంటే చాలాసేపే కూర్చున్నాను.