పొయ్యి ఆరని ఆదివారం

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే ఏదో పెద్ద కష్టం పడ్డవాడిలా వినిపిస్తుంది. ఏమీ పడలేదు. వేళకు తిన్నాను, నిద్రపోయాను, పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాను. బరువు మోసింది ఇంకొకరు. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటారా? ముందు నా మీదే.

తాడిపత్రి రోడ్డు మీద తిరిగే ఏ లారీ డ్రైవరును అడిగినా మా బార్ అండ్ రెస్టారెంట్ ఎక్కడో చెప్తాడు. నేను మాత్రం పేరు రాయను. అది కూడా పిరికితనమే, తెలుసు. మా తాత సంగటి హోటలుగా మొదలుపెట్టాడు. నాయన లైసెన్సు తెచ్చి పక్కనే బారు తెరిచాడు. మా దగ్గరికి జనం తాగడానికి వచ్చేవాళ్ళు కాదు, నాటుకోడి పులుసు కోసం వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని తాగేవాళ్ళు. అన్న కౌంటరులో కూర్చునేవాడు. నేను వంటిల్లు చూసుకునేవాణ్ణి. చూసుకోవడమంటే అజమాయిషీ, అంతే. వండింది సాలమ్మ.

ఆమెది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. వేరుశెనగ వరసగా ఎండిపోతే టౌనుకు వచ్చింది. పద్దెనిమిదేళ్ళు మా పొయ్యి ముందు నిలబడింది. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళి, తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేది. మా అమ్మ చనిపోయిన ఏడు నాకు సంగటి ముద్ద చేతిలో పెట్టి, తినేదాకా కదలకుండా కూర్చున్నది ఆమే. ఇది దాచిపెట్టి మిగతాది చెప్తే నా తప్పు చిన్నదిగా కనబడుతుంది. అందుకే చెప్తున్నాను.

మా ఇంట్లో ఒక పట్టు ఉంది. తాత వెలిగించిన పొయ్యి ఒక్క పూట కూడా ఆరకూడదు. గాంధీ జయంతికి బారుకు తాళం పడేది, వంటిల్లు నడిచేది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా? తాత పోయిన రోజు మేము వెలిగించాం. ఊరు ముక్కున వేలేసుకుంది. నాయన మీసం తిప్పాడు. ఆ మీసం చూస్తూ పెరిగినవాణ్ణి నేను.

పన్నెండేళ్ళ కిందట, ఆ ఏడు వానల్లేవు. మా బోరు ఎండిపోయింది, పక్కవాళ్ళదీ ఎండిపోయింది. ఆ ఆదివారం మా నీళ్ళ టాంకరు రాలేదు. డ్రైవరు ఫోనెత్తలేదు. నాయన, అన్న తిరుపతిలో ఉన్నారు. కళ్యాణదుర్గం నుంచి నలభైమంది పెళ్ళివాళ్ళు మధ్యాహ్నం భోజనానికి వస్తామని ముందే చెప్పారు. ఆ పూట మూసేస్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నీళ్ళు లేవని బోర్డు పెడితే అర్థం కానివాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు? కానీ పొయ్యి నా చేతుల్లో ఆరిందన్న మాట రాకూడదు. నాకు అదే ముఖ్యమైంది.

రోడ్డు మీద పోతున్న ఒక టాంకరును ఆపాను. బండ పాలిషు చేసే ఫ్యాక్టరీది. డ్రైవరు ఏమీ దాచలేదు. "ఇవి బండలు కోసిన గుంత నీళ్ళన్నా. కక్కసులు కడిగేకి తప్ప దేనికీ పనికిరావు" అన్నాడు. పోయమన్నాను. వంటింటి తొట్టిలోకే పోయమన్నాను.

సాలమ్మ చెంబుతో ముంచి, వాకిట్లోకి వచ్చి వెలుతురుకు పట్టి చూసింది.

"ఈ నీళ్ళు తెల్లగుండాయప్పా. యాడివి?"

"టాంకరువి."

"ఏ టాంకరువి? అడుగున సున్నం మాదిరి దిగుతాండాది సూడు. వీటితో వండితే మనుషులు పడిపోతారు."

"తేర్చి వండక్కా. కాగితే అన్నీ పోతాయి. పొయ్యి ఆరకూడదు."

"ఆరకుంటే సాలు గదా? ఉత్త కుండ పెట్టి మంటేస్తాలే. మీ తాత మాట నిలబడతాది, జనం కడుపులు గూడా బాగుంటాయి."

ఎంత సులువైన దారి! ఆ క్షణాన నవ్వేసి సరేనంటే ఈరోజు మీకు ఈ కథ లేదు. "ఓనరు నువ్వా, నేనా?" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. గుడ్డ మూడు మడతలేసి నీళ్ళు వడగట్టి వండింది.

సాయంత్రానికి పెళ్ళివాళ్ళలో సగంమందికి వాంతులు. ఒక ముసలామె నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. ఆమె బతికింది కాబట్టే నేను నోరు మూసుకోగలిగాను. పోయి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. చెప్పేవాణ్ణని ఇప్పటికీ గట్టిగా అనలేను.

మర్నాడు నాయన వచ్చేసరికి తొట్టి ఖాళీ చేసి, అడుగున పట్టిన తెలుపంతా గీకి కడిగేశాను. పెళ్ళివాళ్ళు గుమ్మంలో నిలబడి అరుస్తున్నారు. ఏం జరిగిందని నాయన అడిగాడు.

"నిన్నటి కోడి మిగిలింటే సాలమ్మ కలిపేసిందంట నాయనా."

కలిపేసిందంట. ఎవరో నాకు చెప్పినట్టు! అబద్ధం చెప్పడానికి కూడా నేరుగా చెప్పే ధైర్యం లేదు చూడండి.

సాలమ్మ నావైపు చూసింది. తర్వాత నాయనను అడిగింది. "పద్దెనిమిదేండ్లలో నిన్నటి కూర ఎవురికన్నా పెట్టినానా అప్పా?"

నాయన వాకిలి వైపు చెయ్యి చూపించాడు. ఆమె నీళ్ళ సంగతి ఎందుకు ఎత్తలేదు? నేనే చెప్తానని చూసిందా? తను చేత్తో ముద్ద పెట్టిన పిల్లవాడు తనను అంతమందిలో అలా నిలబెట్టడని అనుకుందా? నాకు తెలియదు. అడిగే మొహం లేదు. కుళ్ళిన కూర పెట్టిందన్న పేరు ఆమెకంటే ముందే ఊరంతా తిరిగింది. ఏ హోటలువాడూ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆమె పులుసును మాత్రం మేము వదల్లేదు. మెనూలో దాని పేరు 'తాతగారి పులుసు'.

పోయిన ఏడాది బారు ముందు భాగం కొత్తగా కట్టించాం. మా చరిత్రంతా నల్లబండ మీద చెక్కించాలని అన్న పట్టుబట్టాడు. అక్షరాలు చెక్కడం అయిందంటే చూడడానికి పాలిషు ఫ్యాక్టరీకి వెళ్ళాను. మడమల దాకా తెల్లనీళ్ళలో నిలబడి ఒక ఆడమనిషి మా బండను గుడ్డతో తుడుస్తోంది. వేళ్ళు పగిలి ఉన్నాయి. తల ఎత్తింది. సాలమ్మ.

"ఏం రాసినారప్పా దీనిమీద?" అంది. ఆమెకు చదువు రాదు.

ఎందుకు చదివానో తెలియదు, చదివాను. "మా తాతగారు వెలిగించిన పొయ్యి నేటి వరకు ఒక్క పూట కూడా ఆరలేదు."

ఆమె ఇంకో చెంబు నీళ్ళు పోసి అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టి తుడిచింది. "నిజమే. ఆ దినం గూడా ఆరలేదు" అంది. అని పక్క బండ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ బండ ఇప్పుడు మా గుమ్మంలో ఉంది. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అలాంటి కుటుంబాలు ఇప్పుడెక్కడున్నాయండీ అంటారు. వాళ్ళ నోళ్ళు మూయించాలనిపిస్తుంది. సమ్మెట తెచ్చి ఆ బండను పగలగొట్టాలనిపిస్తుంది. ఏమీ చేయను. రండి, కూర్చోండి అంటాను.

నాయన నిజం తెలియకుండానే పోయాడు. అన్నకు ఈనాటికీ తెలియదు. అందుకే ముక్కూ మొహం తెలియని మీకు చెప్తున్నాను. ఆ ఆదివారం మా వంటింట్లో నిన్నటి కోడి లేదు. ఉన్నవి బండలు కోసిన నీళ్ళు. తెలిసి పోయించింది నేను. సాలమ్మ వద్దంది.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు చేయగలిగిన పని కాదు. రాసేశాను కాబట్టి గుండె కొంచెం తేలికైంది. దానికీ ఒళ్ళు మండుతోంది. నేనిక్కడ నీడపట్టున కూర్చుని తేలికపడుతున్నాను, ఆమె అక్కడ ఇంకా ఆ తెల్లనీళ్ళలోనే నిలబడి ఉంది.