మగ్గం గుంటలో పెడల్

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ సంగతి చీరాలలో మా వీధి మొత్తానికీ అమ్మ ఇప్పటికే చెప్పేసింది. నేను చెప్పాలనుకుంటున్నది ఇంకోటి: మా నాన్న మళ్ళీ పాడాడు!

నాన్నది నేతపని. శనివారం గుళ్ళో భజనకి హార్మోనియం కూడా ఆయనదే. రెండేళ్ళ క్రితం బస్సు దిగుతూ పడ్డాడు, ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. మగ్గం విప్పి అటకెక్కించాం. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట మీద చెక్కలు పరిచాం. హార్మోనియంకి ఎడమచేత్తో తిత్తి ఊపుతూ గాలి ఇవ్వాలి కదా, అదీ ఆగిపోయింది. నాన్న భజనకి వెళ్ళడమే కాదు, పాడడమే మానేశాడు.

సెకండ్ హ్యాండ్ కీబోర్డు ఒకటి తెచ్చిచ్చాను. కుడిచేత్తో నాలుగు మెట్లు నొక్కి పక్కన పెట్టేశాడు.

"ఒకే తీరుగా అరుస్తందమ్మాయ్. పెరగదు, తగ్గదు. దీనికి ఊపిరి లేదు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఫైనలియర్‌లో హాస్టల్ స్నేహితురాలు గిటారు శబ్దం మార్చడానికి కాలితో తొక్కే పాత 'వా' పెడల్ పారేయబోతే నేను తీసుకున్నాను. లోపలి బోర్డు కాలిపోయింది. తొక్కితే ఊగే పలక, దాంతోపాటు తిరిగే నాబ్ మాత్రం బాగున్నాయి. నాకు కావలసింది అవే. బోర్డు పీకేసి, నాబ్ నుంచి మూడు వైర్లు తీసి కొత్త జాక్‌కి సోల్డర్ చేశాను. కీబోర్డుకి తగిలిస్తే, తొక్కేకొద్దీ గొంతు పెరగాలి.

మొదటిసారి తొక్కితే తగ్గింది.

"ఇంజనీరమ్మ గారూ, తొక్కుతుంటే నోరు మూసుకుంటందేంటండీ?" అన్నాడు నాన్న. రెండు చివరల వైర్లు అటూ ఇటూ మార్చాక సరిగ్గా పెరిగింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నేల మీద బాసింపట్టు వేసుకుంటే కాలు పెడల్ మీదకి రాదు. కుర్చీలో కూర్చోబెడితే ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా బిగుసుకుపోయాడు, పాట రాలేదు.

"వదిలెయ్ అమ్మాయ్."

హార్మోనియం పెట్టె మూసేసిన రోజూ అదే గొంతు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ముప్ఫై ఏళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టుకునే కదే మీ నాన్న పాడింది! చెక్కలు తియ్యి!"

తీశాను. పెడల్‌ని గుంటలోకి దించి, కింద ఇటుకలు పేర్చి ఎత్తు సరిచేశాను. నాన్న తన పాత చోట కూర్చుని కాళ్ళు కిందికి వేశాడు. చెప్పుల్లేని పాదం పలకని వెతుక్కుంది. ఒక్క మెట్టు నొక్కి, మెల్లగా తొక్కాడు. స్వరం సన్నగా మొదలై, గదంతా నిండి, మళ్ళీ సన్నబడింది. ఇంకోసారి తొక్కాడు. మూడోసారికి పాట అందుకున్నాడు. అమ్మ స్టవ్ కట్టేసి గుమ్మంలో నిలబడింది.

పాటయ్యాక నాన్న మొహం చిన్నబోయింది. "మరి గుళ్ళోకి ఈ గుంటనెట్టా మోసుకెళ్తావే?"

"భజనవాళ్ళనే ఇక్కడికి రమ్మంటే సరి," అంది అమ్మ.

ఇవాళే శనివారం. గుంట చుట్టూ చాపలు పరిచాం. నాన్న పొద్దుటి నుంచి మూడుసార్లు కాళ్ళు కడుక్కున్నాడు.