పుల్లన్న పాటలో చప్పుడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ప్రొద్దుటూరులో రికార్డింగ్ స్టూడియో నడిపినవాడికి కరెంటూ కంప్యూటరూ కలిసి పెట్టే బాధ చాలు, వేరే దయ్యం అక్కర్లేదు. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నా అభిప్రాయం పెద్దగా మారలేదు. ఆ ఒక్క విషయం మాత్రం లెక్క తేలకుండా అలాగే ఉండిపోయింది.

స్టూడియో అంటే బంగారు అంగళ్ల సందులో మేడ మీద ఒక గది. గోడలకు పాత పరుపులు కొట్టించాను. పెళ్లి వీడియోలకు పాటలు కలపడం, చర్చి పాటల సీడీలు చేయడం నా పని. ఎలక్షన్లు వస్తే మాత్రం ఊపిరాడేది కాదు. జీపుల మీద మోగే పాటలన్నీ మాలాంటి వాళ్ల గదుల్లోనే తయారయ్యేవి. ఏ పార్టీ వాళ్లు వచ్చినా చేసి పంపేవాణ్ణి.

అలా ఒక ఎలక్షన్లలో శివన్న వచ్చాడు. ముద్దనూరు అవతల పల్లె. వాళ్ల అన్న పుల్లన్నను అంతకు ముందు ఎలక్షన్ల గొడవల్లో నరికి చంపారు. ఆ అన్న పేరు మీద పాట కావాలన్నాడు. పాట రాయించుకుని వచ్చాడు. మొదటి చరణం పుల్లన్న ఊరికి నీళ్లు తెప్పించిన సంగతి. రెండో చరణం చివర, పుల్లన్న నెత్తురుకు బదులు తీర్చుకుంటామని ఒక లైను. ఆయన వచ్చినప్పుడల్లా వెంట ఇద్దరు మనుషులు వచ్చి నా మెట్ల మీదే కూర్చునేవారు. వాళ్ల తువ్వాళ్ల కింద ఏముందో నేను అడగలేదు.

పాడటానికి జమ్మలమడుగు నుంచి కరుణమ్మ టీచర్‌ను పిలిపించాను. చర్చిలో పాడే గొంతు, ఒక్కసారికే సరిగ్గా పాడుతుంది. ఆ రోజూ అలాగే పాడింది. వెనక్కి తిప్పి వింటే ఆ బదులు లైను అయిపోగానే టిక్ టిక్ మని రెండు చప్పుళ్లు.

కంప్యూటర్లో రికార్డింగ్ చేసేవాళ్లకు ఈ టిక్కులు కొత్త కాదు. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా అందుకుంటుంది. మధ్యలో దానికి వేరే పని తగిలి ఒక ముక్క జారవిడిస్తే, అక్కడ టిక్కుమంటుంది. ఆ ముక్క సైజునే బఫర్ అంటాం. బఫర్ పెంచాను. యాంటీవైరస్ తీసేశాను. టీచరమ్మ మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే టిక్ టిక్.

సౌండ్ కార్డు మార్చాను. మైకు వైరు మార్చాను. కింద అంగట్లో నగలకు మెరుగు పెట్టే మోటారు వల్లేమోనని, వెళ్లి బతిమాలి కాసేపు ఆపించాను. ఎర్తింగ్ చూడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ అంతా బాగానే ఉందని చెప్పి, టీ తాగి వెళ్లాడు. చప్పుడు పోలేదు. నాకు ఒళ్లు మండింది.

నన్ను పిచ్చివాణ్ణి చేసింది ఒకటే. బఫర్ తప్పయితే చప్పుడు ఎక్కడపడితే అక్కడ రావాలి. ఇది ఆ లైను తర్వాతే వస్తోంది. తెర మీద ఆ శబ్దపు గీతను పెద్దది చేసి చూశాను. ముక్క జారితే గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. ఇది గదిలో ఎవరో చేసిన చప్పుడులా ఉంది, చివర సన్నని తోకతో.

టీచరమ్మ నోటి చప్పుడని అనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది, అయినా నీళ్లు తాగి పాడింది. లైను అయిపోగానే మైకుకు దూరంగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడమన్నాను. నిలబడింది. ఆమె నోరు మూసుకుని ఉన్నప్పుడే ఆ రెండు చప్పుళ్లూ పడ్డాయి.

శివన్న రోజూ వచ్చేవాడు. జీపులు కదలాల్సిన రోజు దగ్గర పడుతోంది. ఒకరోజు కుర్చీ నా పక్కకు లాక్కుని మెల్లగా అడిగాడు.

"అప్పా, నీకు ఇష్టం ల్యాకుంటే ల్యాదని చెప్పు. అవతల పార్టీవోళ్లు నీకేమన్నా చెప్పినారా?"

ఆ కాలంలో అలాంటి అనుమానం పడ్డవాడి గతి ఏమిటో మా వైపు వాళ్లకు తెలుసు. నా మిషన్ మీద ఒట్టేసి చెప్పాను. మర్నాడు పులివెందులలో ఉన్న స్నేహితుడి దగ్గర ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. టీచరమ్మ ఇంట్లో, కరెంటు ప్లగ్గు పెట్టకుండా బ్యాటరీ మీదే రికార్డు చేశాను. కంప్యూటర్ వేరు, మైకు వేరు, ఊరే వేరు.

మొదటి చరణం శుభ్రంగా వచ్చింది. అందులోనూ పుల్లన్న పేరుంది. బదులు లైను తర్వాత మళ్లీ ఆ రెండు చప్పుళ్లు. టీచరమ్మ ఇంక ఈ పాట పాడనని ఖరాఖండిగా చెప్పేసింది.

ఆ రికార్డింగే తెచ్చి శివన్నకు ఇచ్చేద్దామనుకున్నాను. జీపు మైకులో ఎవరికి వినపడుతుంది? ఆయన మాత్రం ఆ రోజు పుల్లన్న భార్య నారాయణమ్మను తీసుకొచ్చాడు. పాట చివర ఆమె గొంతుతో నాలుగు మాటలు కావాలట, న్యాయం చేయమని జనాన్ని అడుగుతూ.

ఆమె ముందు పాట వింటానంది. మధ్యలో ఒకచోట చప్పుడు వస్తుంది, పట్టించుకోవద్దని చెప్పి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఆ లైను దగ్గర ఆమె చెయ్యెత్తింది. మళ్లీ వేయమంది. వేశాను. ఇంకోసారి వేయమంది.

"ఈ చప్పుడు ఎవురు చేసినారు?"

నేను బఫర్ గురించి మొదలుపెట్టాను. ఆమె వినలేదు.

"ఇది మా ఆయప్ప చప్పుడు. ఎవురన్నా కొట్లాటకు రమ్మంటే ఆయప్ప నోరు తెరిచి వద్దనేటోడు కాదు. ఇట్ల అనేటోడు" అని నాలుకను రెండుసార్లు అంగిలికి కొట్టి చూపించింది.

నేను స్పీకర్ వైపు చూశాను. అది ఆపేసి ఉంది. ఇన్ని రోజులుగా నేను తీసేయాలని చూస్తున్న చప్పుడు, అదే ఎడంతో, అదే తోకతో ఆమె నోటి నుంచి వచ్చింది.

శివన్న హెడ్‌ఫోన్లు తీసుకుని తనే విన్నాడు. విన్నాక వాటి వైరును చేతికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. నారాయణమ్మ ఆయన వైపు తిరిగింది.

"శివా, నా కొడుకు ఈ పాట ఇనుకుంటా పెరగాల్నా? మీ యన్న వద్దంటాండాడు. నేనూ వద్దంటాండా."

ఆయన చేతికి చుట్టుకున్న వైరు విప్పి, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టాడు. తర్వాత నాతో "ఆ లైను తీసేయప్పా" అని, మెట్ల మీది మనుషుల్ని పిలుచుకుని కిందికి దిగిపోయాడు.

టీచరమ్మను బతిమాలి రప్పించాను. ఆ లైను చోట నీళ్ల సంగతే ఇంకో లైను రాసి పాడించాం. నా గదిలోనే, పాత సౌండ్ కార్డుతో, కింద మోటారు తిరుగుతుండగానే. ఒక్క టిక్కు కూడా లేదు.

తర్వాత నేనే మైకు ముందు కూర్చుని ఆ పాత లైను చదివి చూశాను, పదాల వల్ల వస్తోందేమోనని. ఏమీ రాలేదు. ఇడుపులపాయ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పే ఒకాయనకు పాత రికార్డింగ్ వినిపిస్తే, బఫర్ పెంచి చూడమన్నాడు. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను.

పాట బయటికి పోయిన కొన్నాళ్లకు నారాయణమ్మ ఒక్కతే వచ్చింది. పాట వద్దంది, ఆ చప్పుడు మాత్రం సీడీలో వేసిమ్మంది. టీచరమ్మ గొంతూ, డప్పూ, హార్మోనియం అన్నీ కోసేసి ఆ రెండు చప్పుళ్లు మిగిల్చాను. వాటిని పోగొట్టడానికి పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వు రావాలి. రాలేదు. తెగిపోకుండా చాలా జాగ్రత్తగా కోశాను.

అదేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆమె మాత్రం సీడీకి గీతలు పడ్డాయని మరుసటి ఏడు మళ్లీ వచ్చి, ఇంకొకటి చేయించుకుని పోయింది.