కంప్యూటర్‌కెక్కిన ఆది జాకెట్లు

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా పై అంతస్తు ఆంటీది కాకినాడ. ముందుగదిలో రెండు మిషన్లు వేసుకుని, ఢిల్లీలోని తెలుగువాళ్లకు జాకెట్లు కుట్టేది. మెట్రో ఇంకా మా వైపు రాని రోజులవి. వైశాలిలో రెండో దుకాణం పెట్టాలని ఆమెకు కోరిక పుట్టింది.

నేను నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని. పెద్ద కంపెనీలకు ఏ పని కంప్యూటర్‌కి అప్పగించాలో ప్లాన్లు రాసేదాన్ని. ఆంటీకీ మూడు పేజీల ప్లాన్ రాసిచ్చాను. ఆవిడ అడగలేదు. నా చేతులు ఊరుకోవు.

కొత్తది కుట్టించుకునేవాళ్లు తమకు సరిగ్గా అమరిన పాత జాకెట్టును ఆదికి ఇస్తారు కదా. ఆంటీ బీరువా నిండా అవే. వాటిని చూసి కత్తిరించడం ఆమె ఒక్కదానికే వచ్చు. కొలతలన్నీ కంప్యూటర్లో ఉంటే, ఆమె లేకపోయినా, రెండో మిషన్ మీద కుట్టే మాస్టర్జీ కాగితం చూసి కత్తిరిస్తాడని నా ప్లాన్.

శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చుని కొలతలు ఎక్కించేదాన్ని. కిటికీకి అడ్డంగా వేసిన పసుపు చీరలోంచి ఎండ వడకట్టినట్టు దిగేది. మిషన్ చప్పుడుకి కళ్లు మూతలు పడేవి. ఒక్కో జాకెట్టు ఒళ్లోకి తీసుకుంటే, దాని మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టుండేది. భుజాలు వంచి నడిచే మనిషి, కొత్తగా తల్లైన మనిషి, ఈ ఊరి చలికి రోజురోజుకీ చిక్కిపోతున్న మనిషి. ఆ మగతలో గంటలు ఎటు పోయేవో తెలిసేది కాదు.

ఒక జాకెట్టుకి ఎడమవైపు లోపల ఇంకో పొర ఉంది. కుట్టు కూడా కుడివైపు కుట్టుతో కలవలేదు. ఎవరో చేతకానివాళ్లు కుట్టారనుకుని, రెండు వైపులా కుడి కొలతే వేశాను. మా ఆఫీసులో దాన్ని డేటా క్లీనింగ్ అంటారు, చాలా గొప్పగా.

ఆ జాకెట్టు అశోకా రోడ్ దగ్గర ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆఫీసరమ్మది. తన పదవీ విరమణ సభకని కొత్తది కుట్టమంది. ఆంటీ వైశాలిలో గది చూడటానికి వెళ్లిన పూట, మాస్టర్జీ నా కాగితం చూసి దాన్ని కత్తిరించి కుట్టేశాడు. సాయంత్రం ఆఫీసరమ్మ వచ్చి, వేసి చూసుకోవడానికి తెర వెనక్కి వెళ్లింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

చివరికి పవిట రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. అప్పుడే మెట్లెక్కి వచ్చిన ఆంటీ ఆమె మొహం చూసి, మాస్టర్జీని బయటికి పంపేసింది. నాలుగేళ్ల కిందట ఆపరేషన్‌లో ఆమె ఎడమ రొమ్ము తీసేశారట. లోపలి పొర దూది పెట్టుకోవడానికి.

"ఈ సంగతి ఎక్కడా రాయలేదే నేను. రాస్తే ఎవరో ఒకరు చదువుతారని," అంది ఆంటీ నాతో.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నేనే సరిచేశానండీ. తప్పనుకుని," అన్నాను. ఆ మాట నా చెవులకే అసహ్యంగా వినిపించింది.

ఆఫీసరమ్మ కోప్పడలేదు. "రేపు అంతమంది ముందు స్టేజీ ఎక్కాలమ్మా. నన్ను చూసి వాళ్లు జాలిపడితే నేను తట్టుకోలేను," అని మాత్రం అంది.

ఆంటీ కుట్లు విప్పి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. ఆఫీసరమ్మ అడిగితే ఎదురుగానే కంప్యూటర్లోంచి ఆమె కొలతలు తీసేశాను. తర్వాత ఆమె, నేను ఒకే దివాన్ మీద ఆ సూదినే చూస్తూ కూర్చున్నాం. చీకటిపడే వేళకు ఆమె జాకెట్టు వేసుకుని వెళ్లిపోయింది. సభ బాగా జరిగిందని ఆంటీకి ఫోన్ చేసిందట. నా ఊసెత్తలేదట.

నెల తర్వాత కొత్త గుడ్డతో వచ్చింది. ఇక ఆఫీసు లేదుగా, కాస్త ఒళ్లు చేసింది. ఆది పనికిరాదు, మళ్లీ కొలవాలి. ఆంటీ టేపు అందుకోబోయింది.

"అచ్ఛా, మీరుండండి. ఆ అమ్మాయిని రమ్మనండి," అంది ఆమె.

తెర వెనక ఆమె పవిట తీసి, చేతులు ఎత్తి, కళ్లు మూసుకుని నిలబడింది. రెండు వైపులా విడివిడిగా కొలిచాను.